చిన్న చేపల బోటుకి లైట్లు, ఫ్లోరింగ్ సొంతంగా వేసుకుంటే: బెజవాడలో కొన్నవి, ఆన్‌లైన్‌లో తెప్పించినవి, వాటిలో పనికొచ్చినవి

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం మార్కులు ముందే ఇచ్చేస్తున్నా. ఐఎస్ఐ ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌కి అయిదుకి అయిదు. తక్కువ వాట్ల వార్మ్ వైట్ ఎల్‌ఈడీ స్ట్రిప్‌కి నాలుగున్నర. యూపీఎస్‌లలో పెట్టే 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీకి మూడున్నర. వీడియోల్లో అందరూ మురిసిపోయే ఈవీఏ ఫోమ్ మ్యాట్‌కి (చెప్పుల అడుగులా మెత్తగా ఉండేది) రెండున్నర, అదీ కూర్చునే చోట మాత్రమే వేసుకుంటే. పచ్చగడ్డి మ్యాట్ అని అమ్ముతారే, దానికి సున్నా. రంగులు మారే రిమోట్ లైట్లకి మార్కులు కూడా ఇవ్వను, ఎందుకో కింద చెప్తా.

బోటు మా పెదనాన్నది. 16 అడుగుల ఫైబర్ బోటు, వెనక చిన్న ఇంజను, అది మొరాయిస్తే తెడ్డు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన సీతానగరం వైపు కట్టి ఉంటుంది. సాయంత్రం వల వేసి రావడం, తెల్లారకముందే వెళ్ళి తీయడం, అంటే పనంతా చీకట్లోనే. ఇది షోకు బోటు కాదని ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే కిట్లు, చూసే వీడియోలు దాదాపు అన్నీ అమెరికాలో ఆదివారం గాలం వేసుకునేవాళ్ళ కోసం చేసినవి. వాళ్ళు బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చుంటారు. మా పెదనాన్న ఉత్త కాళ్ళతో, తడి నేల మీద నిలబడి, రెండు చేతులతో వల లాగుతాడు. ఈ తేడా బుర్రలో పెట్టుకోకుండా కొంటే ఖర్చు నిజంగానే తడిసి మోపెడవుతుంది.

ముందు ఫ్లోరింగ్. ఫైబర్ బోటు అడుగు లోపల చదునుగా ఉండదు, మధ్యలో గాడి, అడ్డంగా పక్కటెముకల్లాగా ఫైబర్ దిమ్మలు. వాటి మీద పాత చెక్క పలకలు పరిచి ఉండేవి, కట్టకుండా, వదులుగా. కాలు పెడితే ఒకవైపు లేచేవి, సందుల్లో చేపలు పడి కుళ్ళేవి, సీసపు గుళ్ళు పడితే వెతకలేక వదిలేయడమే. వాటి బదులు ప్లైవుడ్ పలకలు వేద్దామనుకున్నాం.

ప్లైవుడ్ కొట్టుకెళ్ళి 'వాటర్‌ప్రూఫ్ ఇవ్వండి' అంటే మూడు రకాలు చూపిస్తారు, మూడూ వాటర్‌ప్రూఫే అంటారు. కావాల్సింది ఐఎస్ 710, అంటే మెరైన్ గ్రేడు. ఆ ప్రమాణం ప్రకారం ముక్కని 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా పొరలు విడిపోకూడదు. కిచెన్ కప్‌బోర్డులకి వాడే బీడబ్ల్యూఆర్ రకం వేరు, అది తడి తగిలితే తట్టుకుంటుంది గానీ తడిలోనే బతకడానికి చేసింది కాదు. షీటు మీద ఐఎస్ఐ గుర్తు పైన '710' అనే అంకె, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు, లైసెన్సు చెల్లుతోందా లేదా వచ్చేస్తాయి. కొట్లోనే నిలబడి కొట్టి చూడండి, మొహమాటం వద్దు. మేం వెళ్ళిన మొదటి కొట్లో 'మెరైన్' అని స్టెన్సిల్‌తో ముద్రించిన షీటు చూపించారు, అంకె లేదు, నంబరు లేదు, అడిగితే 'అన్నా, అందరూ ఇదే తీసుకెళ్తారు' అన్నారు. దండం పెట్టి బయటికొచ్చాం. రెండో కొట్లో ధర చదరపు అడుగుకి ఇరవై రూపాయల పైనే ఎక్కువ పడింది కానీ నంబరు సరిపోయింది, అంచుల్లో ఖాళీలు కూడా లేవు. అంచు చూడటం ముఖ్యం. లోపలి పొరల మధ్య వేలిగోరు దూరేంత సందు ఉంటే నీళ్ళు దూరడానికి దారి ఉన్నట్టే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో కూడా చూసుకోవచ్చు. మిగిలిన చిన్న ముక్కని పాత గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి గంటల తరబడి మరిగించడమే. 72 గంటలు గ్యాసు ఎవరూ కాల్చలేరు గానీ, పూట మరిగేసరికే నాసిరకం ముక్క ఉబ్బి పేజీలు పేజీలుగా విడిపోతుంది. మా ముక్క చెక్కుచెదరలేదు. ఆ గిన్నె మాత్రం ఇక వంటకి పనికిరాదని మా ఆవిడ తీర్పు చెప్పేసింది, దాన్ని ఇప్పుడు బోట్లో నీళ్ళు తోడటానికి వాడుతున్నాం.

మందం విషయంలో కొట్టువాళ్ళు 18 ఎంఎం తీసుకోమని గట్టిగా చెప్పారు. వద్దు. 12 ఎంఎం ఎనిమిది నాలుగు షీటే ఇరవై కిలోలు దాటుతుంది. చిన్న బోటులో బరువు అడుగున ఎంత పెరిగితే అంచు నీళ్ళకి అంత దగ్గరవుతుంది. నిలబడి వల లాగే చోట 12, మిగతా చోట్ల 9 ఎంఎం వేసి కింద అడ్డపట్టీలు బిగించాం, సరిపోయింది. ఇంకో మాట, నేలని మరీ పైకి లేపకండి. నేల ఆరంగుళాలు పైకి లేస్తే మనిషి నిలబడే ఎత్తు కూడా ఆరంగుళాలు పెరిగినట్టే, వల లాగేటప్పుడు బోటు ఊగడంలో ఆ తేడా కాళ్ళకి తెలిసిపోతుంది.

అట్టముక్కలతో ముందు నమూనా కోసుకుని, ఆ అట్టలు పట్టుకెళ్తే రెండో కొట్టు పక్కనే ఉన్న కార్పెంటరు జిగ్‌సా మిషన్‌తో వంపులు కోసి ఇచ్చాడు. కోసినందుకు డబ్బు తీసుకోలేదు, టీకి మాత్రం ఒప్పుకున్నాడు. షీట్లు ట్రాలీ ఆటోలో వేసుకుని వారధి మీదుగా తీసుకెళ్ళాం.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి, ఈ రివ్యూలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది కూడా ఇదే. పలకల్ని ఫైబర్‌కి శాశ్వతంగా అతికించేయాలా, ఊడదీసేలా ఉంచాలా? వీడియోల్లో అందరూ అతికించేసి, పైన ఫైబర్ గ్లాస్ వేసి, అతుకు కనపడకుండా చేస్తారు. చూడ్డానికి ఎంత బావుంటుందో. మేం మాత్రం ప్రతి పలకా మర తిప్పి పైకి లేపేలా పెట్టాం. నేల కింద చేరిన నీళ్ళు కనపడాలి, తోడాలి, ఎక్కడైనా కారుతుంటే తెలియాలి. మూసేసిన నేల కింద నీళ్ళు చేరితే అవి అటూ ఇటూ కదిలి బోటుని ఒకవైపు వాల్చేస్తాయి, పైనున్నవాడికి కారణం కూడా అర్థం కాదు. ఇక రెండో కారణం 2024 సెప్టెంబరు. ఆ వరదలో బ్యారేజీ నుంచి వదిలిన నీళ్ళు 11 లక్షల క్యూసెక్కులు దాటాయి, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పెద్ద బోట్లు గేట్ల దగ్గర కౌంటర్‌వెయిట్లని (గేటు బరువుకి సరితూగేలా పెట్టే దిమ్మల్ని) ఎలా గుద్దాయో బెజవాడలో అందరం చూశాం. నీళ్ళు పెరుగుతున్నాయని తెలిసిన రాత్రి బోటుని నలుగురు ఎత్తి గట్టు మీదికి చేర్చగలగాలి. పలకలు, బ్యాటరీ చకచకా ఊడదీస్తే నలుగురికి తూగుతుంది, లేకపోతే తూగదు.

పలక అంచులకి ఎపాక్సీ (హార్డెనరు కలిపితే గట్టిపడే రెజిన్) రెండు పూతలు పూశాం. పైనా కిందా ఎపాక్సీ వేసినా వేయకపోయినా అంచులకి, మర దూరే కన్నాలకి మాత్రం తప్పకుండా వేయండి, ప్లైవుడ్ పాడయ్యేది అక్కడినుంచే. ఎపాక్సీ ఎండకి తట్టుకోదు, పైన ఎనామెల్ పూత ఉండాలి. ఆటోనగర్‌లో బస్సు బాడీలు, ఫైబర్ పనులు చేసే షెడ్ల వైపు వెళ్తే పాలిస్టర్ రెజిన్ చవకగా దొరుకుతుంది, ఫైబర్ దిమ్మలకి చిన్న రిపేర్లకి అది చాలు, చెక్కకి మాత్రం ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు. పాలిస్టర్ కొంటే కోబాల్ట్ (రెజిన్ తొందరగా గట్టిపడటానికి కలిపే మందు) ముందే కలిపిన రెజిన్ అడగండి. కోబాల్ట్, హార్డెనరు రెండూ విడిగా ఇస్తే వాటిని నేరుగా ఒకదానితో ఒకటి ఎట్టిపరిస్థితుల్లో కలపొద్దు, భగ్గుమని మండుతుంది, పేలొచ్చు కూడా. ఇంకోటి, మన ఎండల్లో రెజిన్ కలిపిన కాసేపటికే జావలా గడ్డకట్టేస్తుంది. పొద్దున్నే, కొంచెం కొంచెం కలుపుకోవాలి. మరలు స్టెయిన్‌లెస్ స్టీల్ 304 రకం నదికి సరిపోతాయి, సముద్రానికైతే 316 కావాలి. జీఐ మరలు, అంటే జింకు పూత వేసిన ఇనుపవి, చవకని తీసుకుంటే మర తల తుప్పు పట్టి, పలక లేపాల్సిన రోజున స్క్రూడ్రైవరు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు ఈవీఏ ఫోమ్. ఆరు ఎంఎం మందం, వెనక జిగురు, పైన టేకు చెక్కలాగా గీతలు. ఆన్‌లైన్‌లో తెప్పించాం. మొదట వచ్చిన షీటు చుట్టలో మడతపడి, ఒక అంచున జిగురు ఎండిపోయి ఉంది, అమ్మినవాళ్ళు ఫొటోలు అడిగి, మళ్ళీ ఫొటోలు అడిగి, చివరికి మార్చారు. అంటించే ముందు నేలని థిన్నర్‌తో బాగా తుడిచి, ఎండాక, మధ్యలోంచి అంచులకి రోలరుతో ఒత్తుకుంటూ రావాలి. పాత ఎనామెల్ మీద అంటిస్తే జిగురు ఎనామెల్‌ని పట్టుకుని, ఎనామెల్ చెక్కని వదిలేసి, రెండూ కలిసి ఊడొస్తాయి.

కాలికి ఫోమ్ సుఖంగా ఉంటుంది, అందులో మాట లేదు. తడిసినా జారదు, తెడ్డు పడినా చప్పుడు రాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వరం. కానీ చేపల పనికి వచ్చేసరికి దాని లోపాలు ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. పొలుసు ఆ టేకు గీతల్లో ఇరుక్కుని ఎండిపోతే బ్రష్‌తో కూడా రాదు. గాలం గుచ్చుకుంటే లాగినప్పుడు ముక్క ఊడొస్తుంది. లంగరు ఒకసారి పడేస్తే అంతే. సీసపు గుళ్ళు నొక్కిన చోట గుంటలు. అన్నిటికీ మించి రంగు. మేం తెప్పించినది ముదురు గోధుమ రంగు, ఫొటోలో అదే బావుందని మా తమ్ముడి పట్టు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో దాని మీద ఉత్త కాలు పెట్టి చూడండి. కొనేవాళ్ళు లేత బూడిద రంగు తీసుకోండి. పెదనాన్న కూర్చునే అడ్డబల్ల మీద, ఇంజను దగ్గర కాళ్ళు పెట్టే చోట ఉంచాం, మిగతాది వేయలేదు.

నిలబడే చోట చేసింది పాత పద్ధతే. ఎనామెల్ పూత తడిగా ఉండగానే జల్లించి, కడిగి, ఎండబెట్టిన సన్న ఇసుక సమంగా చల్లి, ఆరాక మిగిలిన ఇసుక ఊడ్చేసి, పైన ఇంకో పూత. ఖర్చు లేదు, జారదు, కడిగితే శుభ్రం. కృష్ణ ఒడ్డున ఉండి ఇసుక కొనుక్కునే రోజులొచ్చాయనుకోండి, అది వేరే సంగతి. దీనికీ ఒక షరతు ఉంది. వల కుప్ప పోసే ముందు భాగంలో ఇసుక చల్లొద్దు. నైలాన్ దారం గరుకు మీద రాసుకుంటే పోగులు లేస్తాయి, మర తల పైకి ఉంటే వల కన్ను పట్టుకుంటుంది. అక్కడ పలక నున్నగా, మర తలలు లోపలికి దిగి ఉండాలి. ఇది ఏ వీడియోలోనూ లేదు, ఎందుకంటే ఆ బోట్లలో వల ఉండదు. పెదనాన్న చెయ్యి పెట్టి నేలంతా తడిమి చూసి, రెండు చోట్ల మళ్ళీ అరగదీయించాడు.

గడ్డి మ్యాట్ గురించి ఒక్క ముక్క. పక్క బోటువాళ్ళు వేశారు. నీళ్ళు పట్టి ఉంచుతుంది, ఆరదు, కంపు కొడుతుంది, కింద చెక్కని తినేస్తుంది. అంతే.

ఇక లైట్లు. అందరూ చేసే పని ఎక్కువ వెలుతురు కొనడం. అక్కడే లెక్క తప్పుతుంది. కొట్లో మామూలుగా ఇచ్చే 5050 రకం స్ట్రిప్, మీటరుకి 60 బల్బులది, మీటరుకి 14.4 వాట్లు లాగుతుంది. రెండు మీటర్లు వేస్తే దాదాపు 29 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 2.4 ఆంపియర్లు. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఆంపియర్లని గంటలతో హెచ్చవేసిన లెక్క) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందకి దింపితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది, కాబట్టి చేతిలో ఉన్నది మూడున్నర. గంటన్నర కూడా రాదు. అదే మీటరుకి 4.8 వాట్ల 3528 రకం తీసుకుంటే రెండు మీటర్లకి 0.8 ఆంపియరు, నాలుగు గంటలు నిశ్చింతగా వెలుగుతుంది. చీకటికి అలవాటుపడిన కంటికి ఆ వెలుతురు చాలు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి ఫ్లాష్‌తో అదంతా పోతుంది. అందుకే లైటు ఎక్కడ పెట్టామన్నది ఎంత వెలుగన్నదానికంటే ముఖ్యం.

మేం బోటు అంచు మడత కింద, లోపలివైపు, కిందకి చూసేలా అంటించాం. బల్బు ఎవరి కంటికీ కనపడదు, వెలుతురు నేల మీద పడుతుంది. మొదట్లో కరెంటు పని తెలిసిన మా తమ్ముడు ముందు వైపు ఒక స్తంభం వేసి ఫ్లడ్ లైటు పెడదామన్నాడు. పెదనాన్న ఒక్క మాటలో కొట్టేశాడు: 'ఒరేయ్, వెలుగు వల మీద పడాలి గానీ నా కళ్ళలో కాదు. ఏటి మీద ఏముందో నాకు కనపడొద్దా?'

రంగు సంగతి. తెల్లగా నీలంగా ఉండే 6500 కెల్విన్ లైటుకి వానాకాలం పురుగులు ముసురుకుంటాయి, నోరు తెరిస్తే నోట్లోకే. పసుపు ఛాయ ఉండే 3000 కెల్విన్‌కి పురుగు తక్కువ, పూర్తిగా పోదు. రాత్రి చూపు పోకుండా ఉండాలంటే ఎర్ర లైటు మంచిదని చదివి అది కూడా ఒక ముక్క తెచ్చాను. చూపు పోని మాట నిజమే. కానీ ఎర్ర వెలుతురులో రక్తం కనపడదు. జెల్ల ముల్లు గుచ్చుకున్న వేలు కారుతోందో లేదో తెలియదు, వలలో చిక్కింది జెల్లో ఇంకోటో చూపుతో పోల్చుకోవడం కష్టం. చేపలు విడదీసే పనికి వార్మ్ వైట్, దానికి ఒక చిన్న డిమ్మరు, ఇదే నా సిఫార్సు. డిమ్మరు గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే కొట్లలో వంద, రెండొందల్లో వస్తుంది, దాన్ని మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో మూసి పెట్టాలి.

తలకి కట్టుకునే టార్చి ఉంటే ఇవన్నీ ఎందుకని కొందరు అడిగారు. సగం నిజం ఉంది. ఒక్కడే వెళ్తే అది చాలు, డబ్బు దండగ చేసుకోవద్దు. ఇద్దరు వెళ్తే మాత్రం ఒకడు తల తిప్పినప్పుడల్లా రెండోవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి, తిట్లు అక్కడే మొదలవుతాయి.

నీళ్ళని ఎంతవరకు ఆపుతుందో స్ట్రిప్ మీద ఐపీ అంకె చెప్తుంది. ఐపీ65 అంటే పైన సిలికాన్ పూత మాత్రమే, చిమ్మే నీళ్ళకి ఓకే. ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట మునిగినా తట్టుకోవాలి, బోటుకి అదే తీసుకోండి. అయితే మూడేసి బల్బులకి ఒకచోట కత్తెర గుర్తు ఉంటుంది కదా, అక్కడ కోసిన క్షణంలో ఆ ఐపీ67 పోయినట్టే. కోసిన చివర, వైరు అతికించిన చివర మీరే మూయాలి. దానికి వాడే సిలికాన్ కూడా చూసుకోవాలి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ రాగిని తినేస్తుంది, కొన్నాళ్ళకి అతుకు పచ్చగా మారి లైటు మినుకుమంటుంది, అందరూ స్ట్రిప్‌ని తిడతారు. న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసి ఉన్నది కావాలి. పది కొట్లలో ఎనిమిదింట్లో మొదటిదే చేతిలో పెడతారు, ట్యూబు చదవాల్సింది మనమే. స్ట్రిప్ వెనకున్న జిగురుని నమ్మకండి, తడికి వారంలో వేలాడుతుంది, అల్యూమినియం ఛానెల్‌లో దూర్చి ఛానెల్‌ని బిగించండి.

వైరింగులో కక్కుర్తి పడొద్దు. టిన్ పూత ఉన్న రాగి వైరు దొరికితే ఆలోచించకుండా తీసుకోండి, మామూలు రాగి తడికి నల్లబడి లోలోపలికి పాకుతుంది. అది దొరక్కపోతే 1.5 చదరపు ఎంఎం మామూలు వైరే, కానీ ప్రతి అతుక్కీ లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం). ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయడం ఇంట్లో ఫ్యానుకి చేసుకోండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఉండాలి. స్విచ్చు దగ్గర పెట్టారనుకోండి, బ్యాటరీకీ స్విచ్చుకీ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి షార్టయితే ఆ ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది. మా లోడుకి 5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు పెట్టాం, మూత ఉన్న హోల్డరు ఆటోనగర్‌లో ఏ ఆటో ఎలక్ట్రికల్ కొట్లో అడిగినా ఇస్తారు. అక్కడి మేస్త్రీ ఒకాయన బోటుకని చెప్తే క్రింపింగ్ పట్టకారు చేతికిచ్చి, 'మీరే నొక్కండి, రేపు మీరే కదా బాగు చేసుకోవాల్సింది' అన్నాడు. ఇలాంటివాళ్ళ కోసమైనా ఆన్‌లైన్ మానేసి కొట్టుకెళ్ళాలనిపిస్తుంది.

బ్యాటరీకి మార్కులు తగ్గించింది బరువుకి, సగమే వాడుకోవాల్సిన గుణానికి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే తేలిక, ఎక్కువ భాగం వాడుకోవచ్చు, ఏళ్ళ తరబడి వస్తుంది, కానీ ధర రెండు మూడింతలు, దాని ఛార్జరు కూడా వేరే. రోజూ గంటా రెండు గంటలు లైటు వేసుకునేవాళ్ళకి సీల్డ్ బ్యాటరీ చాలు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, బెల్టుతో అడ్డబల్లకి కట్టి, ఇంటికి తీసుకెళ్ళి ఛార్జి చేసుకోవడమే. ఇంజను నుంచి ఛార్జింగు లాగేవాళ్ళు ఒకటి గమనించుకోండి, ఇంజను తిరుగుతున్నప్పుడు వోల్టేజీ 14 దాటుతుంది, 12 వోల్టుల స్ట్రిప్ దానికి వేడెక్కి తొందరగా మాడుతుంది. మధ్యలో చిన్న రెగ్యులేటర్ మాడ్యూల్ పెడితే సమస్య ఉండదు.

రంగు రంగుల రిమోట్ లైట్ల మీద నా కోపం ఇదీ. నీటి మీద రంగుకి అర్థం ఉంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పడవకి ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనక తెలుపు. ఎదుటివాడు ఏ రంగు కనపడుతోందో చూసి మన పడవ ఎటు తిరిగి ఉందో అంచనా వేసుకుంటాడు. 7 మీటర్ల లోపు ఉండి, 7 నాట్లకి (గంటకి సుమారు 13 కిలోమీటర్లకి) మించి పోలేని ఇంజను పడవకి చుట్టూ కనపడే తెల్ల లైటు ఒక్కటి చాలు, వీలైతే పక్క లైట్లు కూడా పెట్టమంటారు. భవానీ ద్వీపం వైపు తిరిగే బోట్లు ఉండే చోట, మనం బోటు చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం తిప్పుతూ పోతే ఎదుటివాడికి ఏం అర్థం కావాలి? మేం వెనక ఊడదీసే గొట్టం మీద, మనిషి తలకంటే ఎత్తులో తెల్ల ఎల్‌ఈడీ ఒకటి పెట్టాం. వల లాగేటప్పుడు అడ్డం రాదు. ఆ లైటుకి కింద చిన్న రేకు పళ్ళెం బిగించండి, లేకపోతే దాని వెలుతురు మన నెత్తి మీదే పడి కళ్ళు చెదురుతాయి.

ఈ పని చూసి నిజాంపట్నంలో ఉండే మా చుట్టాలు మాకూ చేసిపెట్టమని అడిగారు. సముద్రపు బోటుకి ఇదే సామాను పనికిరాదు, ఉప్పు గాలికి మరలు, వైర్లు అన్నీ ఒక మెట్టు పైది కావాలి. ఇంకా ముఖ్యమైనది, లైటు నీళ్ళలోకి చూపించి చేపల్ని పోగుచేసే ఆలోచన ఉంటే మానుకోమని చెప్పాను. దేశ ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా మన దేశానికి హక్కున్న సముద్రంలో, ఎల్‌ఈడీ లైట్లతో చేపలు పట్టడాన్ని కేంద్రం 2017 నవంబరులోనే నిషేధించింది. లోపల పనికి కిందకి చూసే లైటు వేరు, అది వేరు.

ఖర్చు మొత్తం, ఫోమ్ కాకుండా, పన్నెండు వేల చుట్టుపక్కల అయింది. అందులో సగానికి పైగా ప్లైవుడ్, ఎపాక్సీలే. లైట్లు, వైర్లు, బ్యాటరీ అన్నీ కలిపి మూడు వేలు దాటలేదు. ఫోమ్‌కి పోసిన డబ్బుతో ఇంకో మెరైన్ షీటు వచ్చేది. పనివాళ్ళతో చేయిస్తే ఎంతవుతుందని ఒకచోట అడిగితే సామాను కాక ఇంకో పదిహేను వేలు చెప్పారు, అదీ పలకల్ని అతికించేసే పద్ధతిలోనే. కొలతలు తీయడం, అంచులు పూయడం ఓపికతో చేయగలిగితే సొంతంగానే చేసుకోండి. సోల్డరింగు చేతకాకపోతే ఆ భాగం ఒక్కటీ ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి.

అన్నీ అయ్యాక పెదనాన్న అడిగింది ఒక్కటే, ఫోను ఛార్జింగు. బైకులకి పెట్టే 12 వోల్టుల యూఎస్‌బీ సాకెట్టు, రబ్బరు మూతతో వచ్చేది, స్విచ్చు పక్కనే బిగించాం. నాలుగు మార్కులు. ఫోను తీసేశాక దాని స్విచ్చు కూడా ఆపేయాలి, ఉత్తినే వదిలేస్తే దానిలోని చిన్న లైటు, సర్క్యూటు రాత్రంతా బ్యాటరీని కొంచెం కొంచెంగా తాగేస్తాయి. మూత తెరిచి వదిలేస్తే చలికాలం మంచుకే లోపలి పిన్నులు పచ్చబడతాయి.